అంగడి, అనుమానం, యంత్రం

అమ్మకం, కొనుగోలు ఉన్న చోట అనుమానం కూడా ఉంటుంది. అయితే ఆ అనుమానం అన్ని కాలాలలోనూ ఒకే మనిషి మీద నిలిచి ఉండలేదు. పూర్వకాలంలో అది ఎక్కువగా వర్తకుని మీద ఉండేది. తూనికలను, కొలతలను పర్యవేక్షించటానికి కౌటిల్యుని అర్థశాస్త్రం పౌతవాధ్యక్షుడనే ప్రత్యేకాధికారిని పేర్కొన్నది. దొంగ తూకాలకు జరిమానాలు విధించింది. తూకంలో మోసమంటే నేటికీ తెలుగునాట ఎవరికైనా మొదట స్ఫురించేది కొట్టువాని త్రాసే గాని, సరుకు కొనవచ్చిన వాని సంచి కాదు.

ఇప్పుడు అమెరికాలోనూ, ఇంగ్లండులోనూ పెద్ద పెద్ద కిరాణా దుకాణాలలో మరొక రకం త్రాసు కనిపిస్తున్నది. అక్కడ కొనేవారే సరుకును యంత్రానికి చూపి, ధర లెక్క వేయించి, సొమ్ము చెల్లించి, సంచిలో సర్దుకొని వెళతారు. దీనిని సెల్ఫ్ చెకౌట్ అంటారు. తెలుగులో స్వయం చెల్లింపు కౌంటరు అనవచ్చును. సంచి పెట్టే పలక కింద ఒక త్రాసు దాగి ఉంటుంది. అది తూచేది సరుకును. పరీక్షించేది మాత్రం కొనేవారిని. త్రాసు చూపు అమ్మేవాని మీద నుండి కొనేవాని మీదికి ఎట్లా మళ్ళింది? అందుకు మనుషులు ఎట్లా స్పందించారు? ఈ ప్రశ్నలకు సమాధానం మూడు శతాబ్దాల చరిత్రలో ఉన్నది.

కఠిన శాసనం, కరుణగల జ్యూరీ

పాతకాలపు అంగడిలో సరుకంతా వర్తకుని వెనుక ఉండేది. కొనేవారు అడిగితే అతడు తీసి చూపేవాడు. అయినప్పటికీ దొంగతనాలు జరిగేవి. లండన్ నగరంలో అద్దాల కిటికీలతో, పట్టు బట్టలతో దుకాణాలు వృద్ధి చెందిన కాలంలో, 1699లో, ఇంగ్లండు పార్లమెంటు ఒక కఠిన శాసనం చేసింది. దుకాణంలో 5 షిల్లింగులు, అంతకు మించి విలువైన సరుకును రహస్యంగా కాజేసినవారికి మరణశిక్ష విధించవచ్చునని ఆ శాసనం చెప్పింది.

దీని ఫలితం విచిత్రంగా పరిణమించింది. ఒక లేసు ముక్క కొరకు మనిషిని ఉరితీయటానికి జ్యూరీలోని వారికి మనసొప్పేది కాదు. కనుక వారు ఎన్నో సందర్భాలలో దొంగిలించిన సరుకుకు 5 షిల్లింగుల కంటె తక్కువ విలువ కట్టి, నిందితులను ఉరికంబం నుండి తప్పించేవారు. శిక్ష ఎంత కఠినమైనదో, దానిని అమలుపరచటం అంత కష్టమయింది. చివరకు 1820వ దశకంలో ఈ నేరానికి మరణశిక్షను తొలగించారు.

ఈ శాసనం వలన పేదలే కాక పెద్దింటివారు కూడ ఇక్కట్ల పాలయ్యారు. ప్రసిద్ధ నవలా రచయిత్రి జేన్ ఆస్టిన్ మేనమామ భార్య జేన్ లీ పెరట్ 1799 ఆగస్టులో బాత్ నగరంలోని ఒక దుకాణంలో నల్ల లేసు కొని సొమ్ము చెల్లించింది. ఆమె పొట్లంలో సొమ్ము చెల్లించని తెల్ల లేసు కూడ బయటపడింది. దాని విలువ 20 షిల్లింగులు. అది పొరపాటున వచ్చిందని ఆమె వాదించింది. ఏడు నెలలకు పైగా నిర్బంధంలో గడిపిన తరువాత, 1800 మార్చిలో టాంటన్‌లో జరిగిన విచారణలో జ్యూరీ కొద్ది నిమిషాలలోనే ఆమెను నిర్దోషిగా ప్రకటించింది. సంచిలో సొమ్ము చెల్లించని వస్తువు ఉన్నది. అది పొరపాటా, దొంగతనమా? నేటి యంత్రాల ముందు నిలిచిన ప్రశ్న కూడ సరిగా ఇదే.

గుమాస్తా మీద కాపలా

పందొమ్మిదవ శతాబ్దంలో దుకాణాలు పెరిగి, యజమాని ఒక్కడే అన్నింటినీ చూచుకొనలేని స్థితి వచ్చింది. జీతానికి గుమాస్తాలు చేరారు. వెంటనే అనుమానం వారి మీదికి మళ్ళింది. అమెరికాలోని ఒహైయో రాష్ట్రంలో డేటన్ అనే పట్టణం ఉన్నది. అక్కడ జేమ్స్ రిటీ అనే అతడు ఒక మద్యశాల నడిపేవాడు. వచ్చిన సొమ్ములో కొంత పనివారి జేబులలోకి పోతున్నదని అతడు గ్రహించాడు. 1878లో ఐరోపాకు ఓడలో ప్రయాణం చేస్తున్నప్పుడు, ఓడ చక్రం ఎన్నిసార్లు తిరిగినదీ లెక్కించే యంత్రం ఒకటి అతని కంటబడింది. చక్రం చుట్లను లెక్కించగలిగినప్పుడు, చేతులు మారే నాణేలను మాత్రం ఎందుకు లెక్కించరాదు? అతడు తన సోదరునితో కలిసి ఒక యంత్రాన్ని నిర్మించి, 1879లో పేటెంటు పొందాడు. దానికి అతడు పెట్టుకొన్న పేరుకు "లంచానికి లొంగని గుమాస్తా" అని అర్థం. నేడు ప్రతి బజారులోనూ కనిపించే నగదు యంత్రానికి ఇదే మూలం. కొట్టులో దొంగతనాన్ని అరికట్టటానికి పుట్టిన ఈ సుప్రసిద్ధ యంత్రం గమనించింది కొనేవానిని కాదు, అమ్మేవానిని.

తలుపు తెరిచిన అంగడి

1916 సెప్టెంబరులో అమెరికాలోని మెంఫిస్ నగరంలో క్లారెన్స్ సాండర్స్ అనే వర్తకుడు పిగ్లీ విగ్లీ అనే వింత పేరుతో ఒక కిరాణా దుకాణం తెరిచాడు. అందులో కౌంటరు వెనుక నిలిచి సరుకు తీసి ఇచ్చే గుమాస్తా లేడు. ప్రతి వస్తువు మీద ధర వ్రాసి అలమారాలలో పెట్టారు. కొనేవారు బుట్ట పట్టుకొని తమకు కావలసినవి తామే తీసుకొనేవారు. గుమాస్తాల జీతాలు మిగిలినందున ధరలు తగ్గించటానికి వీలయింది.

సాండర్స్ సరుకును అందరికీ అందుబాటులో ఉంచాడు గాని, దారిని మాత్రం తన అదుపులో ఉంచుకొన్నాడు. 1917లో అతడు పొందిన పేటెంటులోని పటాన్ని చూస్తే ఈ సంగతి తెలుస్తుంది. లోనికి రావటానికి ఒక తిరుగుడు గేటు. అక్కడ నుండి అలమారాల మధ్యగా వంకరలు తిరుగుతూ పోయే ఒకే ఒక దారి. ఆ దారి చివర లెక్క చూచి సొమ్ము తీసుకొనే బల్ల. ఆ బల్లను దాటనిదే బయటపడటానికి వీలు లేదు. కొనేవారికి స్వేచ్ఛ, దుకాణానికి రక్షణ, ఈ రెంటినీ ఒకే కట్టడంలో ఇమిడ్చిన పథకమిది. నేటి సూపర్ మార్కెట్ నిర్మాణానికి ఇదే పునాది.

ఈ పద్ధతిని అందరూ ఆనందంగా స్వీకరించలేదు. ఇంగ్లండులో సైన్స్‌బరీ సంస్థ 1950లో క్రాయ్‌డన్‌లోని తన దుకాణాన్ని స్వయంసేవా పద్ధతిలోకి మార్చింది. దుకాణంలో పనివారు చేయవలసిన పనిని తాము చేయవలసి వచ్చినందుకు కొందరు మండిపడ్డారు. ఒక న్యాయమూర్తి భార్య తనను తీవ్రంగా తిట్టినట్లు సంస్థ పెద్దలలో ఒకడైన అలన్ సైన్స్‌బరీ తరువాతి కాలంలో చెప్పుకొన్నాడు. పనిని ఒకరి చేతి నుండి మరొకరి చేతికి మార్చినప్పుడెల్లా ఇటువంటి కోపం వ్యక్తమయింది. దానితో పాటు అనుమానం కూడ చేతులు మారింది.

అనునాదంతో కాపలా

సరుకు కొనేవారి చేతికి అందుబాటులోకి వచ్చిన తరువాత దానిని కాపాడటానికి భౌతికశాస్త్రం సాయపడింది. 1960వ దశకంలో ఒహైయోలోని ఆక్రన్ పట్టణంలో కిరాణా దుకాణం మేనేజరు రోనాల్డ్ అసాఫ్, మద్యం సీసాలతో పారిపోతున్న దొంగ వెంట పరుగెత్తి పట్టుకొనలేకపోయాడని చెబుతారు. పరుగెత్తే పని మనిషికి తప్పించాలన్న ఆలోచన నుండి సెన్సర్మాటిక్ అనే సంస్థ పుట్టింది. ఆ కాలంలోనే ఆర్థర్ మినాసీ అనే మరొక అమెరికను కూడ ఇటువంటి పరికరాలనే రూపొందించాడు.

వీటి సూత్రం విద్యార్థులకు తెలిసిన అనునాదమే. ఒక రకం బిళ్ళలో సన్నని లోహపు చుట్ట, కెపాసిటరు ఉంటాయి. తలుపు దగ్గర నిలబెట్టిన స్తంభాల నుండి సుమారు 8.2 మెగాహెర్ట్‌జ్‌ల రేడియో తరంగాలు వెలువడుతూ ఉంటాయి. బిళ్ళ సహజ పౌనఃపున్యం కూడ అంతే. కనుక అది ఆ తరంగాల శక్తిని గ్రహించి స్పందిస్తుంది. వెంటనే గంట మ్రోగుతుంది. మరొక రకంలో సన్నని లోహపు రేకు సెకనుకు 58 వేల సార్లు కంపిస్తుంది. కొట్టటం ఆపిన తరువాత కూడ గుడిగంట కొంతసేపు మ్రోగుతున్నట్లే, స్తంభం ప్రసారం ఆపిన తరువాత కూడ ఈ రేకు క్షణకాలం కంపిస్తూ ఉంటుంది. ఆ కంపనాన్ని స్తంభం పసిగడుతుంది. సొమ్ము చెల్లించిన తరువాత బిళ్ళను నిర్వీర్యం చేస్తారు. గుమాస్తా ఆ పని మరచిపోతే సొమ్ము చెల్లించిన మనిషి దగ్గర కూడ గంట మ్రోగుతుంది. యంత్రానికి బిళ్ళ సంగతి తెలుసు. చెల్లింపు సంగతి తెలియదు.

గుమాస్తా లేని కౌంటరు

తరువాతి మలుపు చారల గుర్తుతో వచ్చింది. బార్‌కోడ్ అనే ఈ గుర్తుకు నార్మన్ ఉడ్‌లాండ్, బెర్నార్డ్ సిల్వర్ 1952లో పేటెంటు పొందారు. అయితే అది అంగడికి చేరటానికి లేజరు, కంప్యూటరు రావలసి వచ్చింది. 1974 జూన్ 26న ఒహైయోలోని ట్రాయ్ పట్టణంలో ఒక సూపర్ మార్కెట్‌లో మొట్టమొదట స్కానరు చదివిన సరుకు ఒక చూయింగ్ గమ్ పొట్లం; ధర 67 సెంట్లు. ధర చదవటానికి నేర్పు అవసరం లేదని తేలిన తరువాత, ఆ పనిని కొనేవారికే ఎందుకు అప్పగించరాదన్న ఆలోచన పుట్టింది.

ఫ్లారిడాకు చెందిన డేవిడ్ హంబుల్ రూపొందించిన స్వయం చెల్లింపు యంత్రాన్ని 1986లో అట్లాంటా సమీపంలోని ఒక క్రోగర్ దుకాణంలో పెట్టారు. అందులో కొనేవారు సరుకును స్కానరుకు చూపి కదిలే పట్టీ మీద వేసేవారు. సొమ్ము మాత్రం వేరుగా కూర్చున్న గుమాస్తాకు చెల్లించేవారు. 1992లో న్యూయార్కు రాష్ట్రంలోని ప్రైస్ చాపర్ సంస్థ దుకాణంలో హోవర్డ్ ష్నైడర్ యంత్రం వచ్చింది. సంచిలో పడిన సరుకు బరువును సరిచూచే పద్ధతికి ఆయన ప్రాముఖ్యమిచ్చాడు.

ఈ తూకం వెనుక ఉన్న శాస్త్రం సులభమైనదే. పలక కింద ఉన్న లోహపు కడ్డీ బరువుకు కంటికి కనబడనంత స్వల్పంగా వంగుతుంది. దానికి అతికించిన సన్నని తీగ సాగి, పొడవు పెరిగి, మందం తగ్గుతుంది; కనుక దాని విద్యున్నిరోధం కొద్దిగా హెచ్చుతుంది. ఈ పరికరాన్ని 1938లో ఎడ్వర్డ్ సిమన్స్, ఆర్థర్ రూజ్ అనే ఇద్దరు అమెరికన్లు వేర్వేరుగా కనిపెట్టారు. నిరోధంలోని ఆ స్వల్ప భేదాన్ని పాఠశాల ప్రయోగశాలలో కనిపించే వీట్‌స్టన్ బ్రిడ్జి వలయంతో కొలుస్తారు. ఏ వస్తువు ఎంత బరువుండాలో కంప్యూటరు జ్ఞాపకంలో ఉంటుంది. చూపిన వస్తువు బరువు, సంచిలో పడిన బరువు సరిపోతే పని సాగుతుంది. లేకపోతే యంత్రం ఆగి మనిషిని పిలుస్తుంది.

చిక్కంతా "సరిపోవటం" అనే మాటలో ఉన్నది. అరకిలో పొట్లాలన్నీ కచ్చితంగా ఒకే బరువు ఉండవు. ఇంటి నుండి తెచ్చిన గుడ్డసంచికి బరువున్నది. పిల్లవాడు పలక మీద చేయి వేస్తే అదీ బరువే. హద్దు బిగిస్తే నిజాయితీపరులు మాటిమాటికీ ఆగవలసి వస్తుంది. సడలిస్తే తేలికైన వస్తువులు జారిపోతాయి. సంచి పెట్టే చోట అనుకోని వస్తువున్నదని యంత్రం పలికే మాట ఇంగ్లండులో హాస్యగాళ్ళకు సామెతయింది. దానితో విసిగిన వారి కొరకు టెస్కో సంస్థ 2015లో ఆ వాక్యాన్ని విడిచిపెట్టి మృదువైన మాటలు చేర్చింది.

కారెట్ల లెక్క

త్రాసును మోసగించటానికి మనుషులకు ఎంతోకాలం పట్టలేదు. విడిగా అమ్మే కూరగాయలకు చారల గుర్తు ఉండదు; కొనేవారే తెర మీద పేరు ఎన్నుకోవాలి. ఖరీదైన పండును పలక మీద పెట్టి "కారెట్లు" అని చెబితే బరువు సరిగానే ఉంటుంది, ధర మాత్రం తగ్గిపోతుంది. ఒక సూపర్ మార్కెట్‌లో తెప్పించిన కారెట్ల కంటె అమ్ముడుపోయిన కారెట్లే ఎక్కువగా లెక్క తేలిన ఉదంతాన్ని నేరశాస్త్రజ్ఞురాలు ఎమ్మెలిన్ టేలర్ తన రచనలలో ఉదహరించింది. ఇటువంటి వారందరూ వృత్తి దొంగలు కారని ఆమె వివరించింది. కొందరు పొరపాటున వదిలివేస్తారు. కొందరు పేరు మార్చి చెబుతారు. కొందరు దుకాణం పని తామే చేశాము గనుక కూలి తీసుకొన్నామని మనసుకు సర్ది చెప్పుకొంటారు. మరికొందరు మొరాయించే యంత్రం మీద విసుగుతో వస్తువును సంచిలో వేసుకొని పోతారు. గుమాస్తా ముఖం చూచి అబద్ధమాడటానికి సంకోచించే మనిషికి, తెర ముందు ఆ సంకోచం తగ్గిపోతుంది.

లెస్టర్ విశ్వవిద్యాలయానికి చెందిన ఏడ్రియన్ బెక్, మాట్ హాప్కిన్స్ ఈ విషయాన్ని కొలిచి చూచారు. కొనేవారే సరుకును స్కాన్ చేసుకొనే దుకాణాలలో, 2013 డిసెంబరు నుండి 2015 ఫిబ్రవరి వరకు జరిగిన సుమారు 10 లక్షల కొనుగోళ్ళను పరిశీలించగా, విలువలో దాదాపు 4 శాతం సరుకు లెక్కకు రాలేదని తేలింది. స్వల్ప లాభంతో నడిచే కిరాణా వర్తకంలో ఇది చిన్న మొత్తం కాదు. అందులో ఎంత పొరపాటో, ఎంత దొంగతనమో విడదీయటం కష్టం. దొంగ తనది పొరపాటని చెప్పుకొనటానికి అక్కడ ఎప్పుడూ అవకాశం ఉన్నదని ఆ పరిశోధకులు హెచ్చరించారు.

చూచే కన్నులు

తూకం చాలకపోగా దుకాణాలు చూపును ఆశ్రయించాయి. ఇందుకు బలమిచ్చిన ప్రయోగమొకటి 2006లో ప్రకటితమయింది. న్యూకాసిల్ విశ్వవిద్యాలయంలో ఉద్యోగులు టీ, కాఫీ తాగి డబ్బులు పెట్టెలో తామే వేసే చోట, మెలిస్సా బేట్సన్, ఆమె సహచరులు ధరల పట్టిక పైన ఒక వారం పూల బొమ్మ, మరుసటి వారం మనిషి కన్నుల బొమ్మ, ఈ విధంగా 10 వారాలు అంటించారు. కన్నులున్న వారాలలో చెల్లింపు దాదాపు మూడు రెట్లయింది. తరువాత జరిగిన పరీక్షలన్నింటిలోనూ ఇంత స్పష్టమైన ఫలితం రాలేదు. అయినప్పటికీ తన ముఖం తనకే కనిపించే తెరలు, తల పైన కెమేరాలు అనేక కౌంటర్ల వద్ద వెలిశాయి. 2023లో ఇంగ్లండులోని కొన్ని సైన్స్‌బరీ దుకాణాలలో రశీదు చూపితేనే తెరుచుకొనే గేట్లు పెట్టారు. సొమ్ము చెల్లించిన తరువాత కూడ నిరూపించుకొనవలసి రావటం అవమానమని చాలమంది నిరసించారు. నష్టపోయేది చివరకు ధరలు భరించేవారే గనుక ఇది అవసరమని మరికొందరు సమర్థించారు. మన నగరాలలోని పెద్ద బజార్లలో గుమ్మం దగ్గర కాపలావాడు బిల్లు మీద ముద్ర వేసే పద్ధతి కూడ ఈ జాతిదే. అయితే అక్కడ ఎదురుగా ఉన్నది మనిషి గనుక ప్రశ్నకు జవాబు చెప్పుకొనటానికి వీలున్నది.

ఒక చిన్న లెక్క

యంత్రం నూటికి తొంబై పాళ్ళు సరిగా పనిచేసినా నిర్దోషులు ఎందుకు ఆగవలసి వస్తుందో తరగతి గదిలో లెక్క వేసి చూపవచ్చును. ఉదాహరణకు, 1000 మంది కొనేవారిలో 20 మంది ఏదో ఒక వస్తువుకు సొమ్ము ఎగవేశారని అనుకొందాము. యంత్రం అటువంటి వారిలో నూటికి 90 మందిని పట్టగలదని, నిజాయితీపరులలో నూటికి 5గురిని మాత్రమే పొరపాటున ఆపుతుందని భావిద్దాము. అప్పుడు పట్టుబడే దొంగలు 18 మంది. పొరపాటున ఆగేవారు మిగిలిన 980 మందిలో 49 మంది. మొత్తం ఆగినవారు 67 మంది. వారిలో సుమారు మూడు వంతుల మంది, అంటే నలుగురిలో ముగ్గురు, నిర్దోషులే. యంత్రం చెడ్డది గనుక ఇట్లా జరగలేదు. దొంగల కంటె మంచివారి సంఖ్య చాల ఎక్కువ గనుక జరిగింది. అరుదైన జబ్బులను గుర్తించే వైద్య పరీక్షలకు కూడ ఈ లెక్కే వర్తిస్తుంది.

ఆరు, ఎనిమిది యంత్రాలకు కాపలాగా నిలిచిన ఒక్క ఉద్యోగికి ఈ లెక్క అనుభవంలోనే తెలిసిపోతుంది. మాటిమాటికీ వెలిగే ఎర్రదీపం వద్దకు పోయి, సంచిని సరిగా చూడకుండానే మీట నొక్కి పంపివేయటం అలవాటవుతుంది. ఉరిశిక్షను తప్పించటానికి విలువ తగ్గించి చెప్పిన జ్యూరీకీ, క్యూ కదలటానికి మీట నొక్కే ఈ ఉద్యోగికీ కారణాలు వేరు. కాని రెండు సందర్భాలలోనూ మితిమీరిన కట్టుబాటును మనుషులే మెత్తబరిచారు.

వెనుకకు వేసిన అడుగు

ఈ అనుభవంతో కొన్ని సంస్థలు పునరాలోచనలో పడ్డాయి. ఉత్తర ఇంగ్లండులోని బూత్స్ సంస్థ తన దుకాణాలలో రెండింటిలో తప్ప అన్నింటిలోనూ స్వయం చెల్లింపు యంత్రాలను తీసివేయనున్నట్లు 2023 నవంబరులో ప్రకటించింది. అమెరికాలో డాలర్ జనరల్ సంస్థ 2024లో సరుకు నష్టం అధికంగా ఉన్న దుకాణాల నుండి వాటిని తొలగించింది. అదే సంవత్సరం మార్చిలో టార్గెట్ సంస్థ చాల దుకాణాలలో వాటిని 10 వస్తువులకు మించకుండా కొనేవారికి పరిమితం చేసింది. ఈ యంత్రాలు అంతరించిపోతున్నాయని దీని అర్థం కాదు. రెండు వస్తువులతో తొందరగా పోదలచిన వారికి అవి ఎంతో సౌకర్యమైనవి. అవి మిగిల్చే జీతమెంత, పోగొట్టే సరుకెంత, నొప్పించే మనసులెన్ని అని మూడు పద్దులు కలిపి చూడక తప్పదని మాత్రం వర్తకులు నేర్చుకొన్నారు.

పౌతవాధ్యక్షుని త్రాసు వర్తకుని అదుపులో పెట్టింది. రిటీ యంత్రం గుమాస్తాను అదుపులో పెట్టింది. సంచి కింది త్రాసు కొనేవారిని అదుపులో పెట్ట యత్నించింది. గ్రాములను, కంపనాలను, చిత్రాలను యంత్రం చక్కగా గుర్తించగలదు. అయితే లెక్కకు రాని వస్తువు సంచిలోకి పొరపాటున చేరిందా, కావాలని చేరిందా అని తేల్చటానికి 1800లో టాంటన్‌లో కొందరు మనుషులు కూర్చొని నిందితురాలి మాట కూడ వినవలసి వచ్చింది. ఎర్రదీపం వెలిగినప్పుడు ఒక ఉద్యోగి దగ్గరకు వచ్చి, ముందు అడిగి, తరువాత అనుమానించే ఏర్పాటు ఉన్న దుకాణంలోనే ఈ యంత్రం అటు వర్తకునికీ, ఇటు నిజాయితీ గల కొనుగోలుదారుకూ ఉపకరిస్తుంది.